పసుపు స్కార్ఫు మీద ఉమ్మి

బ్యాలా రేకా, ఫిబ్రవరి నెల

చెల్లెలు రుమ్యానాకి మిన్కా అక్క రాసేది,

ఫోనులో చెప్పలేక రాస్తున్నాను. ఫోను ముందు గదిలో ఉంది, మా అబ్బాయి యాసెన్ కూడా ఎప్పుడూ ఆ గదిలోనే ఉంటున్నాడు. వాడి ముందు ఆ పిల్ల పేరు ఎత్తడానికి నాకు నోరు రావడం లేదు.

నువ్వు పేపర్లో చూసే ఉంటావు. మన పైవీధి ఆల్బెనా, కుట్టు ఫ్యాక్టరీలో పనిచేసే పిల్ల, వంతెన కింద రాళ్ళ మధ్య చచ్చిపడి ఉంది. ఎవరో గొంతు నులిమి పడేశారట. నువ్వు ఊరు వదిలేటప్పటికి అది పాలు తాగే పిల్ల, నీకు గుర్తుండదు. బస్టాపులో, రొట్టెల కొట్టు తలుపు మీద, మా గేటు ఎదుటి స్తంభం మీద ఆ పిల్ల ఫోటోతో చావు కాగితాలు అంటించారు. పొద్దున్నే తలుపు తీస్తే నవ్వుతూ ఎదురుగా ఉంటుంది. నేను అటు చూడకుండా బకెట్టు పట్టుకుని పక్కకి తిరిగి నడుస్తున్నాను.

రొట్టెల వ్యాను నడిపే స్తామెన్‌ని పట్టుకెళ్ళారు. ఆ సాయంత్రం వాడి వ్యాను ఆ దారిలో కనబడిందట. తనకేమీ తెలియదని మొత్తుకుంటున్నాడట. అతనే చేశాడని సగం ఊరు అంటోంది, చేసినవాడు ఇంకా ఊళ్ళోనే తిరుగుతున్నాడని మిగతా సగం అంటోంది. చీకటి పడకముందే అందరూ ఆడపిల్లల్ని లోపలేసి గడియ పెడుతున్నారు. నాకు ఆడపిల్ల లేకపోయినా నేనూ పెడుతున్నాను.

పోలీసులు ఇల్లిల్లూ తిరిగారు, మా ఇంటికీ వచ్చారు. ద్రాక్షతోటల్లో చేసే ట్రిఫాన్ పండగ తర్వాత ఆ పిల్లని చూడలేదని చెప్పాం. ఆమె బట్టలన్నీ సోఫియా పంపించారట, అంటే మీ పోలీసు ల్యాబుకేగా? ఉడుకు నీళ్ళలో ఉతికిన బట్టల్లో కూడా మనిషి ఆనవాలు పట్టేస్తారని తపాలా ఆవిడ చెబుతోంది. నిజమా, లేక ఆవిడ మామూలుగా కోసే కోతేనా?

యాసెన్ సరిగ్గా తినడం లేదు. మిల్లుకి వెళ్తాడు, వస్తాడు, కూర్చుంటాడు.

మీ అక్క
మిన్కా


సోఫియా, మార్చి మొదట్లో

అక్కా,

నీ ఉత్తరం చదివాక మనసు బాగోలేదు. ఆ పిల్ల తల్లికి నా తరఫున రెండు మాటలు చెప్పు.

కేసుల సంగతి బయట మాట్లాడకూడదు, ఇంట్లో అయితే అసలే మాట్లాడకూడదు. అయినా నీకు చెప్పకపోతే తపాలా ఆవిడ చెప్పేదే నమ్ముతావు. ఆ సంచులు నా బల్ల మీదకే వచ్చాయి. మాదీ ఆ ఊరేనని మా పెద్దాయన పేంచెవ్‌తో అన్నాను. ఈ దేశంలో అందరిదీ ఏదో ఒక ఊరే, పని చూసుకో అన్నాడు. ఇది చదివి పొయ్యిలో పడెయ్యి.

మేము చేసేది నువ్వనుకునేంత మాయ కాదు. ఒక్కో బట్టనీ దీపం కింద పరిచి మరకల కోసం వెతుకుతాం. అది రక్తమో ఉమ్మో చెమటో తేల్చుకుని, అంత మేర కత్తిరించి డీఎన్ఏ తీస్తాం. మిషన్ దాన్ని లక్షల రెట్లు పెంచి చివరికి కొన్ని అంకెలు ఇస్తుంది. ఆ అంకెలు ఎవరి అంకెలతో కలుస్తాయో చూడటమే. ఎవరిదో అది చెబుతుంది. అక్కడికి ఎందుకొచ్చిందో, ఎప్పుడొచ్చిందో చెప్పదు.

ఉడుకు నీళ్ళ సంగతి అడిగావు. చాలామటుకు పోతుంది, కుట్ల సందుల్లో మాత్రం మిగలొచ్చు. అయినా నీకెందుకు ఆ అనుమానం వచ్చింది?

యాసెన్‌కీ ఆ పిల్లకీ మధ్య ఏమన్నా ఉందా? వాడి బెంగ చూస్తే అలాగే అనిపిస్తోంది.

రుమ్యానా


బ్యాలా రేకా, మార్చి

రుమీ,

ఏదో ఊరికే అడిగాను. నువ్వు చదువుకున్నదానివని నాలుగు మాటలు అడిగితే, నన్నే నిలబెట్టి ఎందుకడిగావంటావు.

నీకు మార్తెనిత్సా పంపుతున్నాను, ఎరుపు తెలుపు దారాలు నేనే పేనాను. కొంగ కనబడేదాకా చేతి నుంచి తియ్యకు, నీకసలే ఆరోగ్యం అంతంతమాత్రం. యాసెన్‌కి కట్టబోతే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. చేతి మీద గీతలున్నాయి. మిల్లులో చెక్కలు గీరుకున్నాయట.

వాళ్ళిద్దరూ ఒక ఈడువాళ్ళు, ఒక ఊరివాళ్ళు. పలకరించుకునేవారు. ఇంకేమీ లేదు.

మిన్కా


సోఫియా, మార్చి

అక్కా,

ఇది ఒక్కదానివే ఉన్నప్పుడు చదువు. మధ్యలో ఆపి ఎవరికీ చూపించకు.

ఆ పిల్ల మెడలోని పసుపు స్కార్ఫు అంచున ఉమ్మి దొరికింది, సన్నటి తుంపర. అది ఆడమనిషిదని తేలింది. మొదటిసారి అంకెలు సగం సగంగానే వచ్చాయి. మా ల్యాబులో పనిచేసే అందరి అంకెలూ ఒక ఫైల్లో ఉంటాయి. మేము దగ్గినా తుమ్మినా మా తుంపర నమూనా మీద పడొచ్చు, దాన్ని హంతకుడిది అనుకోకుండా ముందు ఆ ఫైలుతో పోల్చి చూస్తాం. పోలిస్తే నా పేరు వచ్చింది. పేంచెవ్ నా భుజం మీంచి చూసి, మాస్కు కిందకి జరిపి కబుర్లు చెప్పావు కదూ, ఇది నీ ఉమ్మే అని నవ్వాడు. నేనూ నవ్వాను.

తర్వాత కూర్చుని ఇంకోసారి పరీక్ష చేశాను. ఈసారి అంకెలన్నీ వచ్చాయి. మనిషి డీఎన్ఏలో మేము కొన్ని చోట్లు చూస్తాం. ప్రతి చోటా రెండు అంకెలుంటాయి, ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి. చాలా చోట్ల అవి నా అంకెలే. కొన్ని చోట్ల మాత్రం కావు. నావి కాకుండానే నావాటికి అంత దగ్గరగా ఉన్నాయంటే అవి నా తోడబుట్టినదానివి. నాకు తోడబుట్టింది నువ్వొక్కదానివే.

అక్కా, అమ్మ చేసినట్టు నువ్వు కూడా ముద్దొచ్చిన ప్రతి పిల్ల మీదా దిష్టి తగలకూడదని థూ థూ అని ఊస్తావు. నాకు పెళ్ళిబట్టలు కట్టినప్పుడూ ఊశావు. ఆల్బెనా మీద కూడా ఊశావా? ఎప్పుడు?

రెండో పరీక్ష కాగితం నా సొరుగులో ఉంది. పేంచెవ్‌కి ఇంకా చూపించలేదు. చూపించకుండా ఉంచుకోవడమే తప్పు, ఆ తప్పు అప్పుడే చేసేశాను.

రుమ్యానా


బ్యాలా రేకా, మార్చి

రుమ్యానా,

నీ ఉత్తరం పట్టుకుని పశువుల కొట్టంలో కూర్చుని చదివాను.

అవును, ఊశాను. ట్రిఫాన్ పండగనాడు అందరూ చూస్తుండగానే ఊశాను, అదే అంటుకుని ఉంటుంది. దిష్టి తగలకూడదని ఊయడం కూడా మీ సోఫియాలో నేరమైపోయిందా?

ఆ పెద్దాయన నీదే అంటున్నాడు కదా, నీదేనని ఊరుకో. మాస్కు సరిగ్గా పెట్టుకోలేదని నాలుగు తిట్లు తిడతాడు, అంతేగా. చిన్నప్పుడు నీ వంతు తిట్లు నేనెన్ని తిన్నానో నీకు గుర్తు లేకపోవచ్చు, నాకుంది. ఆ కాగితం చించెయ్యి. దేవుడే ఆయన నోట ఆ మాట పలికించాడు. నీకు దణ్ణం పెడతాను రుమీ, ఇందులో ఇంక వేలు పెట్టకు.

అక్క


సోఫియా, మార్చి చివర

అక్కా,

ఆ స్కార్ఫు ట్రిఫాన్ పండగ నాటికి ఆ పిల్ల దగ్గర లేదు. చనిపోయిన రోజు మధ్యాహ్నమే కొన్నదని కొట్టు ఆవిడ పోలీసులకి చెప్పింది, ఆ కాగితం సంచితోనే వచ్చింది. కొన్నప్పటి నుంచి చనిపోయేదాకా ఉన్న ఆ కాస్త సేపట్లోనే నువ్వు ఆ పిల్ల దగ్గర నిలబడి ఊశావు. పోలీసులతో మాత్రం చూడలేదన్నావు, నాతోనూ అదే అన్నావు.

నువ్వు ఎవరి గొంతూ నులమవని నాకు తెలుసు. కోడిని కొయ్యడానికే పక్కింటి ఆయన్ని పిలుస్తావు. మరి ఎవరి కోసం అబద్ధం ఆడుతున్నావు? అడుగుతున్నానే కానీ, జవాబు చదవాలంటే భయంగా ఉంది.

ఇంకో సంగతి. ఆల్బెనా పెనుగులాడింది. రెండు చేతుల గోళ్ళ కింద నుంచీ నమూనా తీశారు. అందులో ఎక్కువగా ఉన్నది ఆ పిల్ల డీఎన్ఏనే, దాని అడుగున మగవాడిది కొద్దిగా ఉంది. మొదటిసారి ఏమీ అర్థం కాలేదు, మళ్ళీ చెయ్యాలి. చెయ్యవలసింది నేనే. అందులోనూ మన అంకెలే వస్తే ఏం చెయ్యను? అది కూడా నా ఉమ్మే అని పేంచెవ్‌తో చెప్పనా?

స్తామెన్ జైల్లో ఉన్నాడు. వాడికీ పిల్లలున్నారు.

రుమ్యానా


బ్యాలా రేకా, ఏప్రిల్

రుమీ, నా తల్లీ,

దాచి దాచి నాకు ఊపిరాడటం లేదు. చెప్పేస్తాను, ఆ తర్వాత నీ ఇష్టం.

ఆ పిల్లా యాసెనూ పెళ్ళి చేసుకోవాలనుకున్నారు. ఆ సాయంత్రం వాడే ఇంటికి తీసుకొచ్చాడు. కొత్త స్కార్ఫు కట్టుకుని గుమ్మంలో నిలబడితే ఇల్లంతా వెలుగొచ్చింది. నాకు ముచ్చటేసింది, స్కార్ఫు అంచు పట్టుకుని మూడుసార్లు ఊశాను. నవ్వింది. బంగాళాదుంప రొట్టె చేసి పెట్టాను, తిన్నది. చీకటి పడే వేళకి ఇద్దరూ కలిసి బయల్దేరారు.

వాడు ఒక్కడే తిరిగొచ్చాడు. మోకాళ్ళ దాకా తడిసి ఉన్నాడు, చేతి మీద రక్తం గీతలు. ఏమైందిరా అంటే ఏమీ లేదన్నాడు, తిండి వద్దని పడుకున్నాడు. ప్యాంటు తడిగా ఉందని నేనే ఉడుకు నీళ్ళలో వేసి ఉతికాను. అప్పటికి నాకేమీ తెలియదు, ఒట్టు.

పొద్దున్న వంతెన కింద శవం దొరికింది. వాడు జనంతో పాటు అటు పరుగెత్తాడు, పోలీసు ఇటు నా గుమ్మం ముందుకొచ్చాడు. ఆల్బెనా నిన్న ఇక్కడికొచ్చిందా అని అడిగాడు. తీగ మీద ఆరుతున్న ప్యాంటు నా కళ్ళబడింది. రాలేదు అనేశాను. ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. యాసెన్ తిరిగొచ్చాక, మీ అమ్మ రాలేదంటోంది నిజమేనా అని వాణ్ణీ అడిగారు. వాడు నా మొహం చూశాడు. రాలేదు అన్నాడు.

చెయ్యనివాడైతే అలా ఎందుకంటాడు రుమీ? నేను అబద్ధం ఆడటానికి కారణం ఉంది. వాడికేముంది?

ఆ రోజు నుంచి నేనూ వాడూ ఈ ఇంట్లో ఆ పిల్ల పేరెత్తలేదు. నా కడుపున పుట్టినవాడు, వాడి మెడ వెనక పుట్టుమచ్చ కూడా నాకు తెలుసు, వాడి అడుగుల చప్పుడు వింటే లేచి నా గదిలోకి పోతున్నాను. కట్టెలు కొట్టే గొడ్డలి తీసి నా మంచం కింద పెట్టుకున్నాను. గొడ్డలి ఏదమ్మా అని అడిగాడు. పోయిందన్నాను. పక్కింటి నుంచి తెచ్చుకుని కట్టెలు కొట్టి, వంటింట్లో పేర్చి వెళ్ళాడు.

వాణ్ణి తీసుకుపోతారని భయం. తీసుకుపోకపోతే వీడితో ఈ ఇంట్లో ఎలా బతకాలని ఇంకో భయం. కన్నతల్లి రాయవలసిన మాటలేనా ఇవి?

మిన్కా


సోఫియా, ఏప్రిల్

అక్కా,

రెండు రోజులు ఆఫీసులో ఏ పనీ చెయ్యలేదు. మూడో రోజు ఆ కాగితం తీసుకెళ్ళి పేంచెవ్ బల్ల మీద పెట్టాను. ఇది నాది కాదు, మా అక్కది అని చెప్పాను. ఆయన అరుస్తాడనుకున్నాను. అద్దాలు తీసి తుడుచుకున్నాడు. ముందే ఎందుకు చెప్పలేదమ్మా అన్నాడు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

నన్ను కేసు నుంచి తప్పించారు. గోళ్ళ నమూనాని ఇంకో ఊరి ల్యాబుకి పంపుతున్నారు, నాతో సంబంధం లేనివాళ్ళు చేస్తారు. నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తర్వాత తేలుస్తారట.

నన్ను తిట్టుకో. నేను నోరు మూసుకుంటే స్తామెన్ చెయ్యని నేరానికి జైల్లో కుళ్ళిపోవచ్చు. లేదా మన యాసెన్ చేసినదాన్ని మనిద్దరం కడుపులో దాచుకుని, వాడు ఎదురుపడినప్పుడల్లా వణుకుతూ బతకాలి. నాకు రెండూ చేతకాలేదు.

పోలీసులు మీ ఇంటికి వస్తారు. నీ నమూనా, వాడి నమూనా తీసుకుంటారు. ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్పు. వాళ్ళు వచ్చేదాకా వాడితో ఏమీ అనకు, ఏమీ అడగకు. పారిపోతాడని ఒక భయం. నిన్ను ఏమన్నా చేస్తాడేమోనని ఇంకో భయం. నేను ఎత్తుకుని ఆడించిన పిల్లాడి గురించి ఈ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాశాను.

రుమ్యానా


బ్యాలా రేకా, ఏప్రిల్ చివర

రుమీ,

వచ్చి వెళ్ళారు. నిన్ను తిట్టుకోవడానికి కూడా నాకు ఓపిక లేదు.

ఒక అమ్మాయి చేతులకి తొడుగులు వేసుకుని, నా బుగ్గ లోపల దూదిపుల్ల తిప్పి గొట్టంలో పెట్టింది. తర్వాత యాసెన్‌కి. వాడు చిన్నపిల్లాడిలా నోరు తెరిచాడు. అప్పుడు పెద్ద పోలీసు, ఆ సాయంత్రం ఆల్బెనా ఈ ఇంటికి వచ్చిందా అని అడిగాడు. యాసెన్ మళ్ళీ నా మొహమే చూశాడు. నేను వచ్చిందన్నాను. వాడు కుర్చీలో కూలబడ్డాడు. ఇంక ఆగకుండా అన్నీ చెప్పాడు.

దారిలో గొడవపడ్డారట. ఆ పిల్లకి ప్లోవ్‌దివ్ పట్నం వెళ్ళి బతకాలని, వీడికి నన్ను ఒంటరిగా వదలడం ఇష్టం లేదని. నీ అమ్మనే కట్టుకో అని ఆ పిల్ల విసవిసా ముందుకి వెళ్ళిపోయిందట. వీడు కోపంతో రోడ్డు వదిలి, వాగులో దిగి ముళ్ళ పొదల్లోంచి అడ్డదారిన ఇంటికొచ్చేశాడట. వెనక నుంచి ఏదో బండి చప్పుడు విన్నాడట, తిరిగి చూడలేదట.

మరి ఇన్నాళ్ళూ ఎందుకు దాచావని పోలీసు గద్దించాడు. వీడు ఏమన్నాడో తెలుసా? ‘మా అమ్మ అప్పటికే రాలేదని చెప్పేసింది. నేను వచ్చిందంటే ఆవిడ అబద్ధం ఆడిందని తేలుతుంది. మా అమ్మని పట్టుకెళ్తారనుకున్నాను.’

నమ్మాలని ఉంది రుమీ. ఒక గంట నమ్ముతాను. మళ్ళీ ఆ తడిసిన ప్యాంటు గుర్తొస్తే ఆ నమ్మకం పోతుంది. నా కోసం అబద్ధం ఆడగలిగినవాడు తన కోసం ఆడలేడా? ఆ గోళ్ళ సంగతి తెలిస్తే ఆలస్యం చెయ్యకు, ఫోనే చెయ్యి. వాడు విన్నా పరవాలేదు.

మిన్కా


సోఫియా, మే

అక్కా,

ఫోను ఎత్తి నువ్వు ఏడ్చిన ఏడుపుకి నేను చెప్పింది సగమే విని ఉంటావు, అందుకే మళ్ళీ రాస్తున్నాను.

యాసెన్ కాదు. కుడి చేతి గోళ్ళ నమూనా మళ్ళీ పాడైందట, ఎడమ చేతిది చక్కగా వచ్చింది. అందులోని మగవాడి అంకెలు యాసెన్ అంకెలతో కలవలేదు. ఒక్క చోట కలవకపోతే ఏదో పొరపాటు అనుకుంటాం, ఇక్కడ చాలా చోట్ల కలవలేదు. అన్ని చోట్లా కలిసింది స్తామెన్‌వి. ఆ పిల్లని చూడనే లేదన్నవాడి చర్మం ఆ పిల్ల గోళ్ళలో ఎలా ఉందని అడిగితే, తనే వ్యానులో ఎక్కించుకున్నానని ఒప్పుకున్నాడట. యాసెనూ ఆ పిల్లా విడిపోయాక, వంతెన ముందు మలుపులో.

వాడి పిల్లల గురించి నీకు రాసి జాలిపడ్డాను. ఇప్పుడు ఏమనుకోవాలో తెలియడం లేదు.

నన్ను ఉద్యోగంలో ఉంచారు. సంవత్సరం దాకా కోర్టు పనులు ఇవ్వరట, సీసాలు కడగమన్నారు. హాయిగా కడుగుతున్నాను. యాసెన్‌కి పిన్ని ముద్దులని చెప్పు. వాడి ముందుకి రావాలంటే నాకు సిగ్గుగా ఉంది.

రుమ్యానా


బ్యాలా రేకా, మే చివర

రుమీ,

ఊళ్ళో ఆడవాళ్ళు గండం గడిచిందని చెప్పి పొరల రొట్టెలు పట్టుకుని వస్తున్నారు. తీసుకుని థాంక్స్ చెబుతున్నాను. మా ఇంట్లో ఏం జరిగిందో వాళ్ళకి తెలియదు, నీకు తెలియాలి.

నువ్వు ఫోను చేసిన రోజు నేను ఏడుస్తుంటే యాసెన్ పక్కనే నిలబడి విన్నాడు. నేను ఫోను పెట్టేశాక నాకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. నేను తాగేదాకా ఆగి, ‘నేనే చేశాననుకున్నావా అమ్మా’ అని అడిగాడు.

లేదనడానికి నోరు తెరిచాను, ఇన్నాళ్ళూ అలవోకగా వచ్చిన అబద్ధం ఆ పూట రాలేదు.

వాడు అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. ‘పోలీసులైనా నన్ను అడిగారు. నువ్వు అడగనే లేదు’ అన్నాడు. అంతే. పిన్ని అడగొద్దని రాసిందిరా అని నేను అనలేదు. నీ మాట రాక ముందు కూడా నేనెప్పుడూ అడగలేదు కదా. అడిగితే ఏం చెబుతాడోనని భయపడి, నాకు నేనే జవాబు చెప్పేసుకున్నాను.

మర్నాడు మిల్లు వాళ్ళ గదిలో మంచం దొరికిందని బట్టలు సర్దుకున్నాడు. ఆదివారాలు వస్తున్నాడు. పొయ్యిలోకి కట్టెలు కొట్టి పెడతాడు, నేను పెట్టింది తింటాడు, బాగుందమ్మా అంటాడు. చిన్నప్పుడు ఉప్పు ఎక్కువైందని గిన్నె తోసేసేవాడు. ఇప్పుడు ఏం పెట్టినా బాగుందనే అంటున్నాడు, పరాయి ఇంట్లో తిన్నట్టు.

అప్పుడు వాడు ఇంట్లోకి వస్తుంటే భయపడేదాన్ని. ఇప్పుడు వస్తానమ్మా అని లేస్తుంటే భయపడుతున్నాను. గేటు దాకా వెళ్ళి, వచ్చే ఆదివారం వస్తావా అని అడుగుదామనుకుంటాను. కానీ వాడు ఏం చెబుతాడోనని, ఇప్పటికీ అడగలేకపోతున్నాను.

మీ అక్క
మిన్కా